అతిథికి కావలెనని ఓడిపోవచ్చునా?

వారమునకొక రాత్రి స్నేహితులను పిలిచి అరుగుమీద పులిమేక ఆడించు గృహస్థులు మనలో గలరు. పందెము లేనంతవరకు దానిని తప్పుపట్టు పెద్దలతో నేనేకీభవింపను.

అయితే ఇంటివాడు ఆటలో ఆరితేరినవాడు. వచ్చిన కూలివాడు ఇప్పుడే నేర్చుకొనుచున్నాడు. అతని సంతోషము కొరకు కావలెనని ఓడిపోవుట ప్రేమయేనా? అష్టాచెమ్మాలో ఈ చిక్కు అంతగా లేదు. 4 గవ్వలు ఎవరి మొగమును చూడవు. పులిమేకలో 3 పులులు, 15 మేకలు, అంతయు ఆలోచనయే. అక్కడ దొంగ ఓటమి ఎదిగిన మనిషిని పసిబిడ్డగా ఎంచుటయే. అది తెలిసిననాడు అతడు మరల ఆ గడప త్రొక్కునా? "తమ్ముడూ, మేకనక్కడ పెట్టకు; దాని వెనుక చోటు ఖాళీ, పులి దూకును" అని చెప్పి, మరల ఆలోచింపనిచ్చుట మేలు. ఆట ఆలస్యమగును, ఇల్లాలు రెండవసారి టీ కాచవలసి యుండును.