కాపలా

హోసూరులో మా అక్కకు పదేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేదు. "నా ఒళ్ళే నాకు పగయింది రా తమ్ముడూ" అంటుంది.

ఒంటికి తన మీద తనకే పగ ఉంటుందా?

రోగక్రిములతో పోరాడే టీ కణాలకు తర్ఫీదు రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో. సొంత ఒంటిమీదే విరుచుకుపడేవాటిని చాలావరకు అక్కడే ఏరివేస్తుంది శరీరం. కొన్ని తప్పించుకుంటాయి. వాటిని అదుపు చేసే కణాలు వేరే ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో చూపాడు. 2025లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ అదుపు సడలితే కాపలావాడే ఇంటివాళ్ళను కొడతాడు.

అది ద్రోహం కాదు, పొరపాటు. దెబ్బ మాత్రం నిజం. అందుకే వైద్యుడు కాపలా ఎత్తెయ్యడు, దాని ఉద్రేకం తగ్గిస్తాడు. మరీ తగ్గిస్తే అంటురోగాలు చొరబడతాయి.

ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్న ప్రశ్న సరిహద్దు ఊళ్ళో బతికే మాకు కొత్తది కాదు. చెయ్యెత్తేవాణ్ణి వీరుడంటాం, ఆపేవాణ్ణి పిరికివాడంటాం. అక్క వేళ్ళు చూశాక నాకిక అలా అనబుద్ధి కాదు.