తప్పిపోయిన బిడ్డ – శరణుని ధర్మము



పలమనేరు చేరువలోని గంగవరము మొదలు కుప్పము వరకు గల సీమ మూడు భాషలు కలియు సీమ. ఇంట తెలుగు, సంతలో కన్నడము, బస్సులో తమిళము వినిపించుట ఇచ్చట వింత కాదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, చౌడేపల్లె మండలములో బోయకొండ గంగమ్మ క్షేత్రము, కుప్పములో తిరుపతి గంగమ్మ జాతర – వీనికి కర్ణాటక, తమిళనాడు రాష్ట్రములనుండియు జనము తరలివత్తురు. అట్టి రద్దీలో తల్లి కొంగు విడిచిన బిడ్డ ఒక్క నిమిషములో కనుమరుగగుట ఎల్లవారు ఎరిగినదే.

అట్టి బిడ్డ యొకతె అంగళ్ల వరుస చివర నిలిచి ఏడ్చుచున్నదని భావింపుడు. దారిన పోవు స్త్రీ ఆ బిడ్డను చంకనెత్తుకొన్నచో చూచువారు “పాపము, ఎవరో తల్లి ఓదార్చుచున్నది” అనుకొందురు. ఆ పనినే ఒక పురుషుడు చేసినచో పది కన్నులు అతనిపై నిలుచును. “వీడెవడు? బిడ్డ వీనిదేనా? ఎచ్చటికి తీసికొనిపోవుచున్నాడు?” అను ప్రశ్నలు పుట్టును. అతడు పొరుగు రాష్ట్రమువాడై, అతని మాట జనమునకు తెలియకపోయినచో ఆ చూపులు మాటలగును, మాటలు కేకలగును, కేకలు దెబ్బలగును. ఇది ఎరిగిన పురుషులు అనేకులు తల వంచుకొని ప్రక్కనుండి సాగిపోవుదురు. “మనకెందుకు వచ్చిన చిక్కు” అను మాట ఆ క్షణమున వారికి వివేకమువలె తోచును.

అది వివేకమా, లేక దయాహీనతయా? శరణధర్మమును నమ్మినవారు ఈ ప్రశ్నను దాటిపోరాదు.

మొదట సత్యమును సత్యముగా ఒప్పుకొనవలయును. ఈ భయము వట్టి పిరికితనము కాదు. 2018వ సంవత్సరములో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి ఫోనులలో దేశమంతట ప్రాకెను. ఆ ఏడు మే 9వ తేదీన తిరువణ్ణామలై జిల్లాలో కులదైవమును సేవింపబోవుచున్న ఒక కుటుంబము త్రోవలో ఆగి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినది. అంతమాత్రమునకే జనము వారిపై విరుచుకుపడగా అరువదియైదేండ్ల వృద్ధురాలు ప్రాణములు కోల్పోయినది. గుడికి పోవు ముసలమ్మకే అట్టి గతి పట్టినప్పుడు ఒంటరి పురుషుని గతి చెప్పనేల?

రెండు నెలలు గడిచిన పిమ్మట జూలై 13వ తేదీన బీదరు జిల్లాలో మరియొక ఘోరము జరిగినది. హైదరాబాదునుండి కొందరు మిత్రులు కారులో ఆ ప్రాంతమునకు వెళ్లిరి. హండికెర గ్రామము వద్ద బడి విడిచి వచ్చు పిల్లలు కనబడగా వారికి ముద్దుగా చాక్లెట్లు పంచిరి. చూచినవారు అనుమానించిరి. వాట్సాపులో వార్త ముందుగా పరుగెత్తినది. ప్రాణభయముతో సాగిపోవుచున్న వారి కారును ముర్కి గ్రామము వద్ద దారికడ్డము పెట్టి నిలిపిరి. వందలాది జనము చుట్టుముట్టి కొట్టగా ముప్పది దాటిన ఒక యువ ఇంజనీరు అచ్చటనే మరణించెను. అతని సహచరులు తీవ్రముగా గాయపడిరి. కాపాడ వచ్చిన పోలీసులును దెబ్బలు తినిరి. వదంతిని వ్యాపింపజేసిన వాట్సాపు బృందము నడిపినవానితో సహా పలువురిని పోలీసులు నిర్బంధించిరి. పోయిన ప్రాణము మాత్రము తిరిగి రాలేదు.

బీదరు జిల్లా అనగా ఏది? బసవేశ్వరుడు మంత్రియై, అనుభవమంటపమున శరణులను కూర్చుండబెట్టి మాటలాడించిన కల్యాణము ఆ జిల్లాలోనిదే. ఇంటికి వచ్చినవానిని ఎవడవని త్రోసివేయక తన ఇంటి కొడుకువలె చూడుమని బోధించిన మహనీయుని నేలపై, ఒక పరదేశిని “నీవెవరవు?” అని నెమ్మదిగా అడుగు ఓపిక ఒక్కరికిని లేకపోయినది. హరళయ్య మధువయ్యలను శిక్షించిన కల్యాణము ఆనాడు పడిన దుఃఖమెట్టిదో శరణచరిత్ర ఎరిగినవారికి తెలియును. విచారణ లేని కోపము ఏ కాలమున పుట్టినను నిర్దోషులనే బలిగొనును.

ఇక రెండవ వైపు చూడవలయును. సాయపడుటలో అపాయమున్నదని సాగిపోయినచో ఏమగును? ఇంగ్లండు దేశములో వార్విక్‌షైరునందు లోవర్ బ్రెయిల్స్ అను చిన్న గ్రామము కలదు. 2002 నవంబరులో అచ్చటి పిల్లల బడినుండి రెండేండ్ల పాప ఒకతె ఎవరును చూడకుండ వీధిలోనికి నడిచివచ్చినది. ఇటుకల పనిచేయు తాపీమేస్త్రీ ఒకడు బండిలో పోవుచు ఆ పాపను చూచెను. ఆగవలయునని అతని మనస్సు చెప్పినది. కాని, “పరాయి మగవాడు పాపను ఎత్తుకొనిపోవుచున్నాడని జనము అనుకొన్నచో?” అను శంక అతని చేతిని పట్టినది. కన్నవారు వెదకుచునే యుందురులే అనుకొని సాగిపోయెను. ఆ పాప ఒక తోటలోని కొలనులో పడి మరణించినది. 2006లో జరిగిన మరణవిచారణలో ఆ మేస్త్రీ ఈ సంగతిని తానే చెప్పుకొనెను. అతడు దుష్టుడు కాడు. ఎవరికిని కీడు తలపెట్టినవాడును కాడు. లోకులు ఏమందురో అను తలంపు ఒకటి అతనికిని ఆ బిడ్డకును నడుమ నిలిచినది.

ముర్కిలో జనుల తొందరపాటు ఒక ప్రాణమును తీసినది. లోవర్ బ్రెయిల్స్‌లో ఒకని వెనుకంజ ఒక బిడ్డను దక్కనీయలేదు. రెండింటికి మూలము ఒక్కటే: మనిషికి మనిషిపై నమ్మకము నశించుట.

దయ లేని చోట ధర్మమే లేదని బసవేశ్వరుని బోధ. సకల ప్రాణులయందు దయ చూపుమన్న గురువు, ఏడ్చు బిడ్డను విడిచిపొమ్మని చెప్పునా? పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదుగదా అని ఆ సాధ్వి దుఃఖించి, లోకములనేలు స్వామిని తల్లిలేని బిడ్డగా ఎంచి, తానే తల్లియై సాకినది. ముగ్ధభక్తికి అది పరాకాష్ఠ. అయితే ఆ మాతృహృదయము స్త్రీల సొత్తు మాత్రమే అనుకొనుట పొరపాటు. ఆ కథను కరగి పాడిన కవి పురుషుడు. శరణుడు సతి, లింగము పతి అను భావమున పురుషభక్తుడు సైతము తన మగతనపు బిరుసును లింగము ముందు విడువవలసినవాడే. ఇష్టలింగమును నిలుపుకొను అరచేయి, ఏడ్చు పసిబిడ్డ పట్టుకొనవచ్చినప్పుడు వెనుకకు పోరాదు.

అయినను, “నాకు భార్యాబిడ్డలు కలరు. నన్ను కొట్టి చంపినచో వారికి దిక్కెవరు?” అని గృహస్థుడు అడుగును. ఈ ప్రశ్నను తీసిపారవేయరాదు. ప్రాణమును పారవేసికొమ్మని శరణధర్మము చెప్పదు. దానికి సమాధానము బసవేశ్వరుడు బోధించిన రెండు శుద్ధులలోనే కలదు. ఒకటి అంతరంగశుద్ధి, రెండవది బహిరంగశుద్ధి. మనస్సులో కల్మషము లేకుండుట అంతరంగశుద్ధి. అది శివునకు తెలియును. చేయుపని పదిమందికి కనబడునట్లు, ఎవరికిని సందేహము కలుగకుండునట్లు చేయుట బహిరంగశుద్ధి. అది పొరుగువారికి చెల్లింపవలసిన ఋణము. “నా మనస్సు మంచిది, ఎవరికి చెప్పనేల?” అనువాడు సగము శుద్ధిలోనే ఆగినవాడు. తప్పిపోయిన బిడ్డ విషయములో ఈ రెండవ శుద్ధియే బిడ్డకును అతనికిని రక్ష.

ఆచరణలో ఇది కష్టము కాదు. బిడ్డ కనబడిన చోటనే నిలువవలయును. తల్లి వెదకుచు మొదట అచ్చటికే వచ్చును. ఎత్తుకొని దూరము పోరాదు, బండి ఎక్కింపరాదు, మిఠాయి కొనిపెట్టెదనని అంగడికి తీసికొనిపోరాదు. మొదటి పని గొంతెత్తి పిలుచుట: “అయ్యా, అమ్మా, ఈ బిడ్డ ఎవరిదో చూడుడు!” ఆ ఒక్క కేకతో రహస్యము తొలగిపోవును, చూచువారందరు సాక్షులగుదురు. దగ్గరి అంగడిలోని ఒక అమ్మను, ఒక పెద్దమనిషిని ప్రక్కకు పిలుచుకొనవలయును. బిడ్డను వంగి, మెల్లగా, పేరు అడుగవలయును. తెలుగున పలుకకపోయినచో కన్నడమున, తమిళమున అడుగువారిని వెదకవలయును. ఈ సీమలో అట్టివారు పది అడుగులలో దొరకుదురు. పిదప నలుగురును కలిసి గుడి మైకు వద్దకో, పోలీసుల వద్దకో చేర్పవలయును. “నా బిడ్డయే” అని వచ్చిన మొదటివానికి అప్పగింపరాదు. బిడ్డ అతనిని గుర్తుపట్టునో లేదో చూచి, పోలీసుల ఎదుటనే అప్పగింపవలయును.

చట్టమును ఇదే మాట చెప్పుచున్నది. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము తప్పిపోయిన బిడ్డను చేరదీసినవారు 24 గంటలలోపల పోలీసులకో, బాలల సహాయవాణికో, బాలల సంక్షేమ సమితికో తెలుపవలయును. తెలుపకుండుట నేరము. సహాయవాణి సంఖ్య 1098. అత్యవసరమునకు 112. ఈ రెండు సంఖ్యలు ప్రతి గృహస్థుని నోట నుండదగినవి. ఫోను చేసిన వేళయే, అతడు ఏ ఉద్దేశముతో బిడ్డ వద్ద నిలిచెనో చెప్పు సాక్ష్యమగును.

తనవైపు జనము చూచుచున్నారని పురుషుడు నొచ్చుకొనరాదు. బిడ్డలకు కీడు చేయు దుష్టులు లోకములో లేకపోలేదు. బిడ్డలపై అత్యాచారములను శిక్షించుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది ఆ కారణమున గదా! అట్టి కేసులలో నిందితులు అధికముగా ఇరుగుపొరుగువారు, బంధువులు, తెలిసినవారే యని ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. కావున పరాయివానిని మాత్రమే అనుమానించి తెలిసినవానిని పూర్తిగా నమ్ముట తెలివి కాదు. ఎవరు బిడ్డ చేయి పట్టినను పదిమంది కన్నులు అచ్చట నుండుట మేలు. ఆ చూపు బిడ్డకు కంచె వంటిది. కంచెగా నుండవలసిన చూపు కత్తి కారాదు.

ఇచ్చటనే గుంపులో నిలిచినవాని ధర్మము మొదలగును. అనుమానము కలిగినచో అడుగవలయును. అడిగి, ఆగి, వినవలయును. ఉత్తరము సరిగా తోచకపోయినచో చేయి చేసికొనక నిలిపియుంచి పోలీసులను పిలువవలయును. ఒకడు చేయెత్తినచో ఆ చేతిని పట్టుకొనువాడు నిజమైన వీరశైవుడు. వీరత్వమనగా అది. గుంపులో తానొక్క దెబ్బయే కొట్టితిననుకొనువాడు ఆ మరణములో తన పాలు ఎంతయో లెక్క కట్టగలడా? చూడని సంగతిని ఫోనులో ముందుకు పంపినవాడును ఆ పాలుకు వారసుడే. 2018 జూలై 17న సుప్రీంకోర్టు ఇట్టి మూకహింసను అరికట్టుటకు జిల్లాకొక పోలీసు అధికారిని నియమింపవలయునని ఆదేశించినది. వాట్సాపు సంస్థయు ఆ నెలలోనే భారతదేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదు చోట్లకు మించి పంపకుండునట్లు కట్టడి చేసినది. యంత్రమునకు హద్దు వచ్చినది. నాలుకకు హద్దు మనిషియే పెట్టుకొనవలయును.

మఠములును, గృహస్థులును చేయదగిన పని ఒకటి కలదు. దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. జాతరనాడు, శివరాత్రినాడు మఠము ముందు చిన్న పందిరి వేసి, ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు వంతులవారీగా కూర్చుండి, “తప్పిపోయిన పిల్లలను ఇచ్చటికి తీసికొనిరండు” అని మూడు భాషలలో పలక వ్రాసిపెట్టినచో అంతకంటె గొప్ప దాసోహమేది? బిడ్డను కనుగొన్న పురుషునికి ఎచ్చటికి పోవలయునో తెలియును. అతడు ఒంటరిగా నిలువవలసిన అగత్యముండదు. కన్నవారు సైతము జాతరకు బయలుదేరునప్పుడు బిడ్డకు తల్లిదండ్రుల పేర్లు, ఊరి పేరు నేర్పి, ఫోను సంఖ్య వ్రాసిన చీటిని చొక్కా జేబులో ఉంచుట మంచిది. లింగధారణ చేయించిన బిడ్డకు ఈ చీటియు ఒక రక్షయే.

పుంగనూరు జాతరలో అంగళ్ల చివర ఏడ్చుచున్న ఆ పాప కడకు మరల రండు. ఒక పురుషుడు ఆమెను చూచినాడు. తల వంచుకొని పోలేదు. బిడ్డనెత్తుకొని పరుగెత్తనులేదు. ఆమె ప్రక్కన నేలపై కూర్చుండి గొంతెత్తి పిలిచినాడు. పూలమ్ము అవ్వ లేచివచ్చినది. బండి నిలిపిన యువకుడు ఫోను తీసినాడు. ఎవరో మైకు వద్దకు పరుగెత్తినారు. జనము చుట్టును చేరినది. కాని అది కొట్టుటకు కాదు, కాచుటకు. తల్లి వచ్చువరకు పాప అతని వ్రేలు విడువలేదు.

అట్టి చోటనే కల్యాణము మరల వెలయును.