ప్రతిపక్షికి సభలో స్థానము



రాజకీయ విషయములందు మనుష్యులు భిన్నాభిప్రాయులై యుండుట దోషము కాదు. పరమేశ్వరుఁడు ఒక్కొక్కరికి వేఱువేఱు బుద్ధియు, వేఱువేఱు అనుభవమును ప్రసాదించి యున్నాఁడు. దేశమును బ్రేమించు నిద్దఱును ఒకే మార్గమును జూడవలెనను నియమము లేదు. కాని యా భేదము బహిరంగసభలోఁ దల యెత్తినప్పుడు మనము చేయుచున్న పని యేమి? కేకలు వేయుదుము, ఈలలు వేయుదుము, అకాలపు చప్పట్లతో వక్త గొంతు నణఁచుదుము, అంతటితోఁ దీరనిచోఁ గుర్చీలకుఁ బని కల్పింతుము. పిమ్మట నింటికిఁ బోయి, మన పక్షము గెలిచినదని చెప్పుకొందుము. ఆ గెలుపు ఎవ్వరిపై గెలుపో యొకసారి విచారింతము.

ఈ విషయమున మనకు 1907వ సంవత్సరపు సూరతు కాంగ్రెసు మహాసభ గొప్ప పాఠము. 1905లో బంగాళము విభజింపఁబడిన పిమ్మట దేశభక్తులలో మితవాదులు, అతివాదులు నను రెండు పక్షము లేర్పడెను. 1906లో దాదాభాయి నౌరోజీగారి యాధిపత్యమునఁ గలకత్తాలో స్వరాజ్యము, స్వదేశి, విదేశవస్తు బహిష్కారము, జాతీయవిద్య యను నాలుగు విషయములఁ గూర్చి తీర్మానము లంగీకరింపఁబడెను. మఱుసటి యేఁట నాగపురమున జరుగవలసిన సభ సూరతునకు మార్పఁబడఁగానే, ఆ తీర్మానములను సడలింతురని యతివాదులకు సందేహము పుట్టెను. ముసాయిదా తీర్మానములు సకాలమున వారి చేతికి రాకపోవుటచే నా సందేహము బలపడెను. దాఁచఁబడిన కాగితము, బయటఁ బెట్టిన కఠినవాక్యము కంటె నెక్కుడుగా మనస్సును మండించును గదా!

డిసెంబరు 26వ తేదీని సభ కూడెను. రాసవిహారీ ఘోషుగారిని అధ్యక్షునిగా నెన్నుకొనవలెనను ప్రతిపాదనను బలపఱచుటకు సురేంద్రనాథ బెనర్జీగారు లేవఁగా, ఎదుటి పక్షమువారు కేకలు వేసి యాయనను మాటలాడనీయలేదు. సభ నాఁటికి నిలిచిపోయెను. మఱునాఁడు బాలగంగాధర తిలకుగారు, సభను వాయిదా వేయవలెనని తాము ప్రతిపాదింపఁ గోరుచున్నట్లు ఆహ్వానసంఘాధ్యక్షునికి నొక చీటి పంపిరి. దానికిఁ బ్రత్యుత్తరము రాలేదు. తిలకుగారు వేదిక నెక్కిరి. మాటలాడుటకు వీలులేదని చెప్పఁగా, చేతులు కట్టుకొని కదలక నిలిచిరి. అంతలో నెవ్వఁడో విసరిన చెప్పు సురేంద్రనాథునికిని, ఫిరోజిషా మెహతాగారికిని దగిలెను. కుర్చీలు లేచెను, కఱ్ఱలు లేచెను. తుదకుఁ బోలీసువారు వచ్చి పందిరిని ఖాళీ చేయించిరి.

సోదరులారా! ఇందులో నొక్క సంగతిని మఱవఁగూడదు. ఆ నాలుగు తీర్మానములలో నొక్కటియైనను నాఁడు చర్చకు రానేలేదు! కలహము స్వరాజ్యమును గూర్చి పుట్టినది కాదు. మాటలాడు హక్కును గూర్చి పుట్టినది. మొదటి దినమున నొక పక్షమువారు సురేంద్రనాథుని వినరైరి. రెండవ దినమున రెండవ పక్షమువారు తిలకుని చెప్పనీయరైరి. ఈ రెంటిలో నేది గొప్ప తప్పని తూఁచుట మా పని కాదు. రెండును ఒకే పాపము. దాని ఫలముగాఁ గాంగ్రెసు రెండుగాఁ జీలి 1916లో లక్నోనగరమున మరలఁ గలియువఱకుఁ దొమ్మిది సంవత్సరములు గడచెను. ఆ నడుమనే, 1908లో, తిలకుగారికి ఆఱేండ్ల శిక్ష విధించి మాండలేకుఁ బంపిరి. ఇంటివారు విడిపోయిన యింటిలో వెలుపలివాఁడు సుఖముగా నేలును.

ఆ గందరగోళములోనే యొక దివ్యదృశ్యము కలదు. గోపాలకృష్ణ గోఖలేగారును తిలకుగారును ఒకప్పుడు పూనాలో నొకే విద్యాసంఘమునఁ బనిచేసి, పిమ్మట విడిపోయి, చిరకాలము ప్రతిపక్షులై యుండినవారు. జనులు తిలకునిపైకిఁ గవియఁబోవుచుండఁగా గోఖలే యాయన ప్రక్కను నిలిచి, రెండు చేతులును జాఁచి యడ్డుపడెను. ఆయన తన యభిప్రాయము నణుమాత్రమును విడువలేదు. ప్రతిపక్షి దేహమును మాత్రము తన దేహముతోఁ గాపాడెను. 1915లో గోఖలే పరమపదించినప్పుడు తిలకుగారు దహనవాటికయొద్ద నిలిచి, ఆయన భారతదేశపు వజ్రమని కొనియాడిరి. అభిప్రాయభేదము వారిని విడఁదీసెను గాని, చిన్నవారినిఁ జేయలేదు.

మేము న్యాయస్థానములలో నిత్యమును ఒక వింతను జూచుచుందుము. ఉదయమునఁ దీవ్రముగా వాదించుకొనిన ప్లీడర్లిద్దఱు సాయంకాలము నవ్వుచు నొక్క దారిని నింటికిఁ బోవుదురు. వారు మహాత్ములగుటచేఁ గాదు. నీ వంతు నీకు వచ్చును, నా వంతు నాకు వచ్చునను నమ్మకము వారికిఁ గలదు. ఘోరమైన నేరము మోపఁబడిన వానికిఁగూడ తన పక్షమును జెప్పుకొను హక్కు కలదు. ఒక పక్షమును వినకయే చెప్పిన తీర్పు, అది యెంత సరియైనదైనను, పై న్యాయస్థానమునఁ గొట్టివేయఁదగినది. దొంగకు మన మిచ్చుచున్న యీ మర్యాదను దేశసోదరునికి సభలో నీయలేమా?

'ఆతని మాట విషము. విననిచ్చినచో జనులు చెడుదురు' అని కొంద ఱందురు. హింసకుఁ బురికొల్పువానిని విచారించుటకుఁ జట్టము కలదు. ఆ పని చెప్పుది గాదు. తక్కిన మాట లెంత తప్పైనను, వానికి మందు ప్రత్యుత్తరమే. నోరు మూయింపఁబడినవాఁడు తన తప్పును దిద్దుకొనఁడు సరిగదా, సత్యమునకై బాధపడినవాఁడను గౌరవమును గూడ ఊరకయే పొందును.

కావున సభాధ్యక్షులారా! మీ పక్షమువాని కంటె ముందుగా నెదుటి పక్షమువాని చీటిని జూడుఁడు. ఒప్పుకొనలేనిచోఁ గారణమును సభలోనే చెప్పుఁడు. తీర్మానముల ప్రతులను ముందుగాఁ బంచి, ఇరువురకును సమముగాఁ గాలము నిర్ణయింపుఁడు. వక్తలారా! ప్రతిపక్షి వాదమును, అతఁడే విని 'నా మాట యిదియే' యని తల యూఁపునట్లు ముందు చెప్పి, పిదప ఖండింపుఁడు. అతని కులమును, కుటుంబమును, జీవనమును వేదిక నెక్కింపకుఁడు. శ్రోతలారా! వక్త ముగించు వఱకు నోర్చి, ప్రశ్న నడుగుఁడు. గంటసేపు చెప్పినదానిలో నొక్క వాక్యమును ద్రుంచి చేతిలోని ఫోనుచే దేశమంతటఁ జల్లుట నేఁటి కాలపుఁ జెప్పు విసరుట యని యెఱుఁగుఁడు. నోరు మంచిదైన నూరు మంచిదని మన పెద్దలు చెప్పుదురు. చెవి మంచిదైనఁ గాని నోరు మంచిది కానేరదని మే మనుచున్నాము.

గృహమున నొంటిగాఁ గూర్చుండి 'సర్వభూతములయందును ఈశ్వరుఁడు కలఁ' డనుట సులభము. మన ప్రాణప్రదమైన నమ్మకమును ఖండించుచు నెదుట నిలిచి మాటలాడువానియందును ఆ యీశ్వరుఁడే కలఁడని నమ్మి, అతని మాట ముగియువఱకు వేచియుండుటయే కష్టము. మన భక్తికి నిజమైన పరీక్ష యచ్చటనే జరుగును. అట్టి యోర్పును, ఓర్పుతోఁ గూడిన ధైర్యమును సర్వాంతర్యామి మనకుఁ బ్రసాదించుఁగాక.