న్యాయపీఠమునకును మన బిడ్డలు

మా నర్సీపట్నమునుండి కృష్ణదేవిపేటకు పోయినవారు అచట అల్లూరి సీతారామరాజు సమాధికి నమస్కరించి వత్తురు; కాని ఆ వీరగాథలో మనమంతగా తలపోయని భాగమొకటి కలదు. 1922 ఆగస్టు 22వ తేది మొదలు వరుసగా మూడు దినములు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి, దాదాపు రెండేండ్లు మన్యమున దొరతనమును ఎదిరించిన ఆ మహనీయుడు, 1924 మే 7వ తేదిన పట్టువడి, ఏ న్యాయాధిపతి యెదుటను నిలువబడకయే, తన మాట తాను చెప్పుకొను అవకాశము లేకయే తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆయనతో కలిసి పోరాడిన గాం మల్లుదొర విచారింపబడి, శిక్ష ననుభవించియు ప్రాణములతో బయటపడి, 1952లో స్వతంత్రభారతపు తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. విచారణ జరిగినవానికిని జరుగనివానికిని గల అంతరమును మా ప్రాంతమువారికి వేరుగ బోధింపవలసిన పనిలేదు.

ఆ దారుణము ఒక్క అధికారి క్రౌర్యమువలన మాత్రమే సంభవించినదని నేను తలపను. 1839 నాటి 24వ చట్టము విశాఖపట్నము జిల్లా కొండసీమలను సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పించి, గవర్నరు ఏజెంటను హోదాతో జిల్లా కలెక్టరునకే శిస్తు వసూలును, పోలీసు పాలనను, న్యాయనిర్ణయమును గూడ అప్పగించెను. ఈ మూడును ఒకే చేత చిక్కినపుడు, బాటపనులకు ఈడ్వబడి కూలి దక్కని కొండవాడు ఎవరికి మొరపెట్టుకొనగలడు?

కావుననే అమెరికాలో స్థిరపడిన మనవారినిగూర్చి తలచునపుడు నాకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది న్యాయాధికారమును పాలకుల చేతినుండి వేరుచేసిన ఆ దేశపు రాజ్యాంగమందలి మూడవ అధికరణము. ఫెడరల్ న్యాయమూర్తిని దేశాధ్యక్షుడు ప్రతిపాదింపవలెను, సెనేటు సమ్మతింపవలెను. ఆ మూడవ అధికరణము ప్రకారము, ఆసనమెక్కిన పిదప సత్ప్రవర్తన కలిగియున్నంతవరకు పదవినుండి తొలగింపరాదు, జీతమును తగ్గింపరాదు. అట్టి న్యాయమూర్తులు కూర్చుండు జిల్లా న్యాయస్థానములు 91 కలవు. సుప్రీంకోర్టు పేరు లోకమెల్ల ఎరుగును గాని, సాక్షుల వాంగ్మూలము వినుట, జూరీని కూర్చుండబెట్టుట, ముద్దాయి మొగము చూచి శిక్ష చెప్పుట, ఇవన్నియు జరుగునది ఈ తొలి మెట్టుననే.

ఆ మెట్టెక్కినవారిలో ఒకరు సరళ విద్యా నాగల. 1983లో నార్త్ డకోటాలోని బిస్మార్క్ పట్టణమున జన్మించిన ఆమె, స్టాన్‌ఫర్డున పట్టభద్రురాలై, బర్కిలీలో 2008లో న్యాయశాస్త్రము ముగించి, అప్పీలు న్యాయమూర్తి సుసాన్ గ్రేబరుకడ లా క్లర్కుగా పనిచేసి, శాన్‌ఫ్రాన్సిస్కోలో న్యాయవాదవృత్తి నెరపి, 2012 మొదలు కనెక్టికట్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటరుగా శ్రమించిన పిదప, 2021లో అచటి ఫెడరల్ జిల్లా న్యాయాసనము నధిష్ఠించిన తొలి దక్షిణాసియా సంతతి వ్యక్తియైరి. తొమ్మిదేండ్లు ప్రభుత్వపక్షమున నిలిచి వాదించినవారు, పీఠమెక్కిన నాటినుండి ఆ పక్షమును అవతలి పక్షమును సమానముగా వినవలెను. ఇంతకంటె కఠినమైన తపస్సు నాకు తోచదు.

తెలుగుగడ్డపై పుట్టినవారి మాట యన్న, విజయవాడ ఆడపడుచు జయ బాడిగ 2022లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు కమిషనరై, 2024లో అచటనే న్యాయమూర్తిగా నియమితులైరి. ప్రమాణస్వీకారసభలో ఆమె తెలుగున పలికినపుడు మన ఊళ్లలో ఎందరో పొంగిపోయిరి. అది ఫెడరల్ కోర్టు గాక రాష్ట్రపు కోర్టే యైనను, విచారణపీఠమే.

ఆ పొంగు సహజమే. కాని, ఆ పీఠము కోరు గుణమును మనము బిడ్డలకు ఇంట నేర్పుచున్నామా? తన దగ్గరి బంధువు కక్షిదారైన వ్యాజ్యమునుండి ఫెడరల్ న్యాయమూర్తి తప్పుకొనవలెను. కక్షిదారైన కంపెనీలో తనకు ఒక్క షేరున్నను ఆ వ్యాజ్యమును వినరాదు. మనమో సముద్రములు దాటియు ఊరిపేర, కులముపేర సంఘములను చీల్చుకొనుచున్నాము. మనవాడు చెప్పినది నిజమనియు, పరుని మాట వినవలసిన పనిలేదనియు పెద్దలు భోజనముల వేళ పలుకుచుండగా పెరిగిన పిల్ల, ఎంత తెలివిగలదైనను, ఉభయపక్షముల వాదమును ఓర్పుతో ఎట్లు వినగలదు? ఇంజనీరుగా, వైద్యునిగా రాణించుటకు బడి చాలును. ఈ ఓర్పు ఇంటనే అలవడవలెను.

పౌరసత్వము పొందిన మనవారిలో కొందరు జూరీ పిలుపు వచ్చినపుడు పని యొత్తిడిని చెప్పి తప్పించుకొన జూతురని వినుచున్నాను. ఉభయపక్షములను వినుట మనకును అలవడునట్లు, పోయి కూర్చుండుడని నా విన్నపము. బడి సెలవుల వేళ, కోర్టు పనిచేయు దినములలో ఎదిగిన పిల్లలను వెంటబెట్టుకొని మీ నగరమందలి ఫెడరల్ న్యాయస్థానమునకు పొండు. అచట విచారణలు సాధారణముగా బహిరంగములే, చూచుటకు రుసుము లేదు. వెనుకబల్లపై కూర్చుండి, ఒక సాక్షి క్రాస్ ఎగ్జామినేషనుకు ఎట్లు బదులు చెప్పుచున్నాడో, ఎవరెవరి మాటను న్యాయమూర్తి ఎంతవరకు సాగనిచ్చుచున్నారో వారికి చూపుడు.