అంశుమంతుడు నిలబడ్డ చోటు

సంక్రాంతి దగ్గర పడితే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాల మీద దుప్పట్ల మూటలతో గంగాసాగర్ యాత్రికులు కనిపిస్తారు. ఆ లక్షల మందిలో కలిసి మునక వేయడం పుణ్యమే, కాదనను. అయితే కపిల మహర్షి కూర్చున్న చోటు ఎలాంటిదో తెలియాలంటే మేళా లేని రోజుల్లో వెళ్లాలి.

హౌరా దాకా లోకల్, అక్కణ్ణుంచి కాక్‌ద్వీప్, ఆపైన లాట్ నంబర్ ఎయిట్ రేవు. ముడిగంగ దాటితేనే సాగర్ ద్వీపం. నీళ్లు తీశాయంటే నదిలో ఇసుక మేటలు అడ్డుపడి లాంచీ నడవదు. మళ్లీ పోటు ఎక్కేదాకా ఎంతటివారైనా రేవులో కూర్చోవలసిందే. డ్యూటీ చార్టుల మధ్య పుట్టి పెరిగిన మన రైల్వే క్వార్టర్సువాళ్లకు ఈ ఎదురుచూపు కష్టంగానే ఉంటుంది. నాకు మాత్రం యాత్ర అక్కడే మొదలైందనిపిస్తుంది.

లాంచీ కదిలాక, చలికాలమైతే, సీగల్ పక్షులు వెంటపడతాయి. పిల్లలు మరమరాలు గుప్పిట పట్టి పైకి విసురుతారు. నీటిలో పడకముందే పక్షి ఒడుపుగా అందుకుని పక్కకు వాలిపోతుంది. అవతల కచుబేడియాలో దిగి, తమలపాకు తోటల మధ్య బస్సులో ముప్పై కిలోమీటర్లు పోతే ద్వీపం చివర ఆలయం వస్తుంది. లోపల యోగాసనంలో కపిలుడు, ఒకపక్క గంగమ్మ, మరోపక్క సగర మహారాజు.

తల్లి దేవహూతికి సాంఖ్యం బోధించి బయలుదేరిన కపిలుడికి సముద్రుడే అర్ఘ్యమిచ్చి, ఉండడానికి చోటిచ్చాడని భాగవతం తృతీయ స్కంధం చెబుతుంది. సగరుడి కథ నవమ స్కంధంలో ఉంది. యాగాశ్వాన్ని వెతుకుతూ అరవై వేలమంది కొడుకులు భూమి తవ్వుకుంటూ వచ్చారు. ముని పక్కన గుర్రాన్ని చూడగానే, ఈ కళ్లు మూసుకున్నవాడే దొంగ అని ఆయుధాలెత్తి మీదపడ్డారు, బూడిదయ్యారు. మనం ముని కోపం అంటాం. భాగవతం చెప్పే శుకమహర్షి ఒప్పుకోడు. అంత శాంతమూర్తిలో కోపమెక్కడిది, వాళ్లు తమ ఒంట్లో పుట్టిన నిప్పుకే కాలిపోయారంటాడు. ఆ మాట దగ్గర ఎవరైనా ఒక్క క్షణం ఆగాలి.

తర్వాత మనవడు అంశుమంతుడు వచ్చాడు. దారి అదే, గుర్రం అదే, ముని ఆయనే. చేతులు జోడించి నిలబడి స్తుతించాడు. అడగకుండానే గుర్రం దొరికింది, పితరులు తరించే దారీ తెలిసింది: గంగ రావాలి. అంశుమంతుడి తపస్సుకు గంగ రాలేదు. కొడుకు దిలీపుడి తపస్సుకూ రాలేదు. భగీరథుడికి వచ్చింది. పేరు భగీరథుడికే దక్కినా, ఫలితం చూడకుండా వెళ్లిపోయిన ఆ ఇద్దరి తపస్సంటేనే నాకు ఎక్కువ గౌరవం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు వదిలి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికొచ్చి, ఖరగ్‌పూర్‌లోనే కన్నుమూసిన మన తాతలు గుర్తుకొస్తారు. తమ మనవలు ఎంత దూరం వెళ్లారో వాళ్లలో చాలామంది చూడలేదు.

చోటిచ్చిన సముద్రం ఇప్పుడు ఆ చోటును కోసుకుంటోంది. పాత ఆలయాలు నీటిలో కలిసిపోగా, ఈ గుడిని 1970లలో వెనక్కి జరిపి కట్టారు. పక్కనున్న ఘోడామారా దీవి కరిగిపోతుంటే ఇళ్లు పోయినవాళ్లలో కొందరు సాగర్‌కే వచ్చి స్థిరపడ్డారు. వెళ్లగలిగినవాళ్లు వాయిదా వేయకండి.

వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి మూడు తరాల పేర్లు, గోత్రం ఒక కాగితం మీద రాసుకోండి. అక్కడి పండాకు మన ఇంటిపేర్లు తెలియవు, తర్పణం వేళ మీరే చెప్పాలి. ముత్తవ్వ పేరు చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు. ఊళ్లో మేనత్తలెవరైనా ఉంటే ఫోన్ చేసి కనుక్కోండి.