గోడ లేచింది, ఇల్లు లేచిందా?



టెక్కలి నుండి సోంపేట వరకు ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఈ మధ్య ఒకే మాట వినిపిస్తుంది: "మనం కోలుకున్నట్టేనా?" పలాస జీడిపప్పు వ్యాపారి ఒక లెక్క చెబుతాడు. మండలాఫీసులో ఇంకొక లెక్క చెబుతారు. పవిత్ర గ్రంథంలో మూడో లెక్క ఒకటి ఉన్నది. దానిని ఈ వారం మీ కుటుంబాల ముందు పెడుతున్నాను.

ముందుగా మనకు జరిగినదేమిటో తలచుకుందాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక. ఎంత సుకుమారమైన పేరు! అది వెళ్లిన దారిలో కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. జీడితోటలు విరిగిపోయాయి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందని మన పెద్దలు చెబుతారు. ఆ ఉద్యానవనం ఒక్క రాత్రిలో నేలపాలయింది. అంతకుముందే 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చిపోయాయి. ఇక సర్దుకుంటున్నామనుకునే వేళకు 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. సరిగ్గా జీడిపిక్కలు రాలే కాలం అది. కొనేవాడు రాలేదు, బట్టీలు ఆగాయి. విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి కూలికి వెళ్లిన పిల్లలు ఉత్త చేతులతో ఇంటికి తిరిగివచ్చారు.

ఇప్పుడు కొబ్బరిచెట్టు సంగతి ఆలోచించండి. మన దేశవాళీ పొడుగు రకం మొక్క కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. జీడిమామిడి అంటు మొక్క మూడో ఏటనే పూత చూపినా, ఇల్లు గడిచేటంత కాపు ఇవ్వడానికి ఇంకా కొన్నేళ్లు ఆగాలి. తిత్లీ తరువాత 2019 వర్షాలకు కొబ్బరి నాటిన రైతు కాయ కోసం 2025 వరకు ఎదురుచూడవలసిందే. పడిపోయిన మొద్దులు కుళ్లితే వాటిలో కొమ్ముపురుగు పెరుగుతుంది, అదే లేత మొవ్వును తొలుస్తుంది. దానికి తోడు ఆకుల మీద తెల్లదోమ. ప్రభుత్వం పరిహారం ఇవ్వలేదని కాదు. చెట్టుకు 1,500 రూపాయలన్నది 2019లో 3,000 చేశారు. అయితే ఆ సొమ్ము చెట్టు లెక్కన వచ్చేది. చెట్టెక్కి కాయ దింపేవానికి, పీచు ఒలిచేవానికి, కౌలుకు తోట చేసుకునేవానికి లెక్కలో చూపించుకోవడానికి చెట్టేదీ?

నాటిన రోజుకూ కోసిన రోజుకూ మధ్య ఈ ఆరేడేళ్లు ఆ ఇంటిని ఎవరు మోశారు? అప్పు మోసింది. మనం మాట్లాడవలసింది ఆ అప్పు గురించే.

నెహెమ్యా గ్రంథం ఐదవ అధ్యాయాన్ని ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చొని చదవండి. క్రీస్తుకు పూర్వం 445 ప్రాంతపు కథ. యెరూషలేము ప్రాకారాలు కూలి, ద్వారాలు కాలిపోయి ఉన్నాయి. పారశీక రాజు కొలువులో పానపాత్ర అందించే నెహెమ్యా సెలవు పుచ్చుకొని వచ్చి, ప్రజలను కూడగట్టి గోడ కట్టడం మొదలుపెట్టాడు. ఏబదిరెండు దినాలలో గోడ పూర్తయింది. పట్టణం కోలుకున్నదనడానికి అంతకంటె గుర్తేమి కావాలి? కాని పని మధ్యలో ఒక కేక వినిపించింది. ఆ కేక శత్రువులది కాదు, గోడ కడుతున్నవారిదే. వారి భార్యలు కూడా ఆ కేకలో గొంతు కలిపారని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. పిల్లలు ఎక్కువమంది, తిండిగింజలు లేవన్నారు కొందరు. కరవులో పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టామన్నారు మరికొందరు. రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశామని ఇంకొందరు. బిడ్డలనే ఊడిగానికి ఇచ్చుకున్నవారు కూడా ఉన్నారు. ఆ అప్పులిచ్చినది పరాయివారు కాదు, అదే గోడకు రాళ్లు మోస్తున్న తోటి యూదులే.

నెహెమ్యాకు కోపం వచ్చింది. వెంటనే నోరు పారవేసుకోలేదు, మనసులో ఆలోచించుకున్నాడు, తరువాత పెద్దలందరినీ సభకు పిలిచాడు. అప్పిచ్చినవారిలో తానూ తన మనుషులూ ఉన్నామని అందరి ఎదుట ఒప్పుకొన్నాడు. పొలాలు, తోటలు, ఇండ్లు ఆ దినమే తిరిగి ఇచ్చివేయమన్నాడు. దానితోబాటు వడ్డీగా పుచ్చుకొన్న నూటవవంతు కూడా ఇచ్చివేయమన్నాడు. అది నెలకు నూటవవంతని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. మన భాషలో నూటికి రూపాయి వడ్డీ. మనం ధర్మవడ్డీ అని చెప్పుకొనేదే! నూటికి రెండు, మూడు పుచ్చుకొనే చోట ఈ అధ్యాయం చదవడానికి కొంచెం గుండెధైర్యం కావాలి.

మన ప్రాంతంలోనూ గోడ లేస్తున్నది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అదే సంవత్సరం డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, హిరమండలం నుండి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. ఇవి అవసరమైన పనులు, వీటికి దేవునికి కృతజ్ఞతలు చెబుదాం. అయితే రేవులో ఓడ ఆగినంత మాత్రాన పెట్టెలో ఉన్న పట్టా ఇంటికి తిరిగిరాదు. డయాలిసిస్‌కు భర్తను తీసుకువెళ్లే స్త్రీ ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది. ఆమె లోటు ఏ ప్రారంభోత్సవంలోనూ కనబడదు.

జీడిబట్టీలో పనిచేసే తల్లుల చేతులు మీలో ఎంతమంది చూశారు? పిక్క కోసేటప్పుడు తగిలే జీడినూనె చర్మాన్ని కాల్చివేస్తుంది. గుండు పప్పు విరగకుండా తీస్తేనే ధర. ముక్కయితే ధర పడిపోతుంది. ఆఫ్రికా నుండి విశాఖ రేవుకు వచ్చే పిక్కల ధర పెరిగినా తగ్గినా ఆ తల్లికి తెలియదు, ఆమెకు తెలిసింది వారం చివర చేతికి వచ్చేదే. దానిలోనే పాత అడ్వాన్సు కోత పడితే ఇంటికేమి మిగులుతుంది? 1891లోనే పదమూడవ లియో పోపుగారు కూలి అనేది పనివాడు బతకడానికి చాలినంత ఉండాలని లోకానికి వ్రాశారు.

అప్పిచ్చినవారి మాట కూడా విందాం. బ్యాంకు కాదన్న రోజున మేమే ఆదుకున్నాం, తుఫాను మా తోటనూ కూల్చింది, వడ్డీ వద్దంటే రేపు ఎవరిస్తారు అంటారు. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. నెహెమ్యా అప్పివ్వడం మానమనలేదు. బ్రతుకుతెరువును బందీగా పట్టుకోవద్దన్నాడు. అసలు బాకీయే, తీర్చవలసిందే. తుఫాను పేరు చెప్పి తాగుడుకు, పెళ్లిపందిరి ఆర్భాటానికి అప్పు చేసినవాడు తన బాధ్యత తప్పించుకోలేడు. (విచారణ పండుగ బాణసంచాకు చందాలెత్తే యువకులు కూడా ఇది కొంచెం ఆలోచించాలి.) కాని అసలుకు రెండింతలు వడ్డీ ముట్టిన తరువాత కూడా పట్టా ఇవ్వకుండా ఉంచుకుంటే, దానిని బాకీ అనలేము.

2025 జూబిలీ సంవత్సరానికి ఫ్రాన్సిస్ పోపుగారు పేద దేశాల అప్పులు రద్దు చేయమని ధనిక దేశాలను కోరారు. మనం వేదిక ఎక్కి మెచ్చుకున్నాం. దూరదేశాల అప్పు రద్దయితే మనకు ఖర్చేమీ లేదు కదా.

జీడిపిక్కలు రాలే కాలమూ, తపస్సు కాలమూ మన దగ్గర దాదాపు ఒకేసారి వస్తాయి. విభూది బుధవారానికి ముందు అప్పిచ్చినవారు తమ పుస్తకం తీయండి. పుచ్చుకున్నవారు తమ కాగితం తీయండి. ఇద్దరూ ఒక చాప మీద కూర్చొని, అసలెంత, ముట్టినదెంత, మిగిలినదెంత అని వ్రాసుకోండి. తాకట్టు పెట్టిన పట్టా, పిల్ల మెడలోని గొలుసు ముందుగా వెనక్కు ఇవ్వగలరేమో చూడండి. కాపు వచ్చేవరకు వడ్డీ ఆపగలరేమో చూడండి. బట్టీ యజమానులు అడ్వాన్సు కోతను పంట నెలలకు మార్చగలరేమో చూడండి. మాట మీద మాట నిలవదేమోనన్న అనుమానం ఉంటే మీ విచారణ గురువులను సాక్షిగా పిలుచుకోండి. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. పెద్దలు సరే అన్న తరువాత కూడా నెహెమ్యా యాజకులను పిలిపించి, వారి ఎదుట ప్రమాణం చేయించాడు.