ఏడు గుమ్మాలు

విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు నింపే ప్రతి ఫారంలోనూ ఒక గడి ఉంటుంది: తండ్రి లేదా సంరక్షకుని సంతకం. హాస్టల్ దరఖాస్తులో ఉంటుంది, స్కాలర్‌షిప్ కాగితాల్లో ఉంటుంది, 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ర్యాగింగ్ చేయనని రాసిచ్చే హామీపత్రాల్లోనూ ఉంటుంది. ఆ గడి దగ్గరికి రాగానే పెన్ను ఆపేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. సంతకం పెట్టేవాళ్లు లేరన్న దిగులు వాళ్లకు ఎప్పుడో పాతబడిపోయింది. పక్కవాడు అడగకుండా ఆ ఖాళీ ఎలా నింపాలన్నదే అప్పటి బెంగ.

వీళ్లంతా అనాథలు కారు. తండ్రి బతికే ఉండి, ఇంకో ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకుని ఉండవచ్చు. ఇంటర్ కాగానే మేనమామకిచ్చి చేస్తామంటే కాదని, పెట్టె సర్దుకుని వచ్చేసిన అమ్మాయి కావచ్చు. అమ్మ గల్ఫ్‌లో ఇళ్లపనికి వెళ్లి, ఎప్పుడో ఒకసారి వాట్సాప్‌లో మాత్రమే కనిపిస్తుండవచ్చు. ఇల్లు ఉండీ ఇంటి అండ లేనివాళ్లకు ధ్రువపత్రం ఇచ్చే ఆఫీసు ఏదీ లేదు.

చట్టానికి తెలిసింది అనాథలే. పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో చేరిన పిల్లలను మన రాష్ట్రాల్లో బీసీ-ఏ రిజర్వేషన్ జాబితాలో చేర్చారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 నిండితే పిల్లల సదనం నుంచి బయటికి రావాలి. 21 ఏళ్ల దాకా అండ కొనసాగించవచ్చని ఉంది. ఇంటర్ అయ్యేసరికి 18 అనుకుందాం. నాలుగేళ్ల ఇంజనీరింగ్ కలిపితే 22. అంటే ప్రాజెక్టులూ ప్లేస్‌మెంట్లూ ఉండే ఆఖరి ఏడు ఆ లెక్కలోకి రాదు. కొవిడ్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల కోసం 2021లో ప్రకటించిన పీఎం కేర్స్ పథకం మాత్రం 23 ఏళ్ల దగ్గర గీత గీసుకుని, అప్పటికి చేతికి 10 లక్షలు అందేలా చూసింది. చదువు ఎప్పటికి పూర్తవుతుందో ఆలోచించి పెట్టిన గీత అది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఇచ్చే ఫీజు డబ్బును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. తల్లి నిలదీస్తే కాలేజీ జవాబు చెబుతుందన్న ఆలోచన మంచిదే. తల్లి లేనివాళ్లూ, తల్లితో మాటలు లేనివాళ్లూ మాత్రం ముందు అమ్మ ఎక్కడుందో చెప్పుకోవాల్సి వచ్చింది.

అధ్యాపకులుగా మా వంతు పని మెంటారింగ్. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఒక్కో మెంటార్‌కు ఎంతమంది విద్యార్థులో చూస్తుంది కాబట్టి, అధ్యాపకులకు తలా 20 మందిని పంచి ఒక రిజిస్టరు చేతికిస్తారు. హాజరు, బ్యాక్‌లాగ్‌లు, తల్లిదండ్రులతో మాట్లాడిన తేదీ, ఇవీ అందులో గడులు. హాజరు 75 శాతం కన్నా తగ్గితే ఇంటికి ఫోన్ చేయాలి. 65 దాకా అయితే కారణం చూపించి కండొనేషన్ ఫీజు కట్టుకోవచ్చు. అంతకన్నా పడిపోతే డిటెన్షనే.

మూడో సంవత్సరం కుర్రాడొకడు 68 దగ్గరున్నాడు. పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకుని, రిజిస్టరులో ఉన్న తండ్రి నంబరుకు ఫోన్ చేశాను. వాడి జేబులోనే మోగింది. తీసి చూశాడు. ఎత్తలేదు, కట్ చేయలేదు. రింగ్ ఆగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత, “నంబరు మార్చమంటారా మేడమ్?” అన్నాడు. పెళ్లిళ్ల సీజన్లో రాత్రిపూట క్యాటరింగ్‌కి వెళ్తున్నాడట. వడ్డన అయి, గిన్నెలు వ్యాన్ ఎక్కించేసరికి తెల్లవారుజాము రెండవుతుంది. కూలి ఆ రాత్రే చేతిలో పెడతారు, పైగా కడుపునిండా భోజనం. పొద్దున తొమ్మిదింటి క్లాసు పోతున్నది అందుకే. ఇంటి సంగతి నేను అడగలేదు. ఆ గడిలో ‘విద్యార్థితోనే మాట్లాడాను’ అని రాసుకున్నాను.

ఇల్లు పిల్లలకు ఏమిస్తుందంటే డబ్బు, ప్రేమ, సలహా అంటాం. వీటిలో సలహా అన్నిటికన్నా చవక. మెంటార్లం ధారాళంగా పంచేది అదే. నాకు అర్థమైనంతలో ఇల్లు ఇచ్చే అసలు వసతి తప్పు చేసే వెసులుబాటు. ఇల్లున్న పిల్లాడు ఒక సబ్జెక్టు తప్పితే ఊరెళ్తాడు. రెండు రోజులు ముసుగుతన్ని పడుకుంటాడు. నాన్న చేత తిట్లు తిని, అమ్మ చేతి అన్నం తిని, సోమవారం మళ్లీ బస్సెక్కుతాడు. ఇల్లు లేనివాడికి ఆ రెండు రోజులు లేవు. ఒక్క సంవత్సరం పోతే స్కాలర్‌షిప్పు, దాంతోపాటు హాస్టలు, దాంతోపాటు ఆ ఊళ్లో ఉండే ఆధారం వరసగా కదిలిపోతాయి. అందుకే వీళ్లు మహా జాగ్రత్తగా ఉంటారు. ఎలా ఉన్నావని అడగడం పూర్తికాకముందే “బాగున్నాను మేడమ్” అనేస్తారు. తెలియని సబ్జెక్టు ఎంచుకోరు, క్లాసులో ఎదురు ప్రశ్న వేయరు, ఫలితం తేలని పరిశోధన జోలికి పోరు. ఇరవై ఏళ్ల వయసులో అంత ఒద్దిక చూస్తే నాకు ముచ్చటేయదు, భయమేస్తుంది. చదువులో సగం తప్పులు చేసి నేర్చుకునేదే. ఆ సగం వీళ్లకు అందడం లేదు.

మరి ఆ వెసులుబాటు ఎవరివ్వాలి? “నన్ను మీ అమ్మే అనుకో” అనేయడం సులువు. అనుకోవడం వాళ్లకు కష్టం, అనిపించుకున్నాక మనకు ప్రమాదం. అమ్మ పేరుతోపాటు అమ్మ అధికారమూ వచ్చి కూర్చుంటుంది.

దీనికి మన పాతకాలానికి ఒక ఏర్పాటు తెలుసు: వారాలు. పట్నంలో చదువుకోవడానికొచ్చిన పేద కుర్రాడు ఏడు ఇళ్లు మాట్లాడుకుని, రోజుకో ఇంట్లో భోంచేసేవాడు. సోమవారం ప్లీడరుగారిల్లు, మంగళవారం హెడ్మాస్టరుగారిల్లు. ఏదీ అతని ఇల్లు కాదు. ఏ ఇంటి మీదా అతని బరువంతా పడేది కాదు. ఒక ఇంటివాళ్లు ఊరెళ్తే ఆ రోజు పస్తే, అంతమాత్రాన చదువు ఆగేది కాదు. అలాగని ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోవడానికి లేదు. ఆ గుమ్మాలు చాలావరకు బ్రాహ్మణ కుర్రాళ్లకే తెరుచుకున్నాయి. దళితుల పిల్లవాడు ఆ వీధిలోకే రాలేకపోయేవాడు. ఆడపిల్ల ప్రసక్తే లేదు. వారాలు దొరికిన కుర్రాడు కూడా అరుగు మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడాల్సిందే. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ లాంటివి మొదలై, తర్వాత ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లు వచ్చాక అన్నం దయ నుంచి హక్కు వైపు నడిచింది. ఆ నడకను వెనక్కి తిప్పకూడదు. అయినా వారాల్లోని లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఒకే గుమ్మం ఉన్నవాణ్ని ఆ గుమ్మం కట్టేస్తుంది. ఏడున్నవాడు తన కాళ్ల మీద తిరుగుతాడు.

క్యాటరింగ్ కుర్రాడికి నేను చేసిందల్లా కొన్ని గుమ్మాలు చూపించడమే. సాయంత్రాలు పుస్తకాలు సర్దడానికి లైబ్రేరియన్‌గారికి ఒక మనిషి కావలసి ఉంది. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో గుమాస్తాగారు గడువుకు ముందు ఒక ఫోన్ కొడతానన్నారు. ఎంటెక్ చదివే సీనియర్ ఒకడు పొద్దున్నే తలుపు కొట్టి లేపే పని పెట్టుకున్నాడు. ఆలస్యంగా వస్తే వార్డెన్‌గారు తిట్టడం మొదలుపెట్టారు. ఆ తిట్లూ ఒక గుమ్మమే. “పదకొండైంది, ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావురా?” అని ఒకరు నిలదీయడం వాడికి చాలాకాలం తర్వాత దక్కిన భాగ్యం.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడి కథ అందరికీ తెలిసిందే. గోత్రం తెలియదని, అమ్మ చెప్పిన నిజాన్ని ఉన్నదున్నట్టు చెప్పిన పిల్లవాణ్ని గౌతముడు శిష్యుడిగా తీసుకున్నాడు. తండ్రి గడి ఖాళీగా ఉన్నా సీటు ఇచ్చాడన్నమాట. అక్కడితో కథ ఆపి మెచ్చుకుంటాం. తర్వాతి ఘట్టాలు నాకు ఇంకా ముఖ్యం. గౌతముడు ఆ పిల్లవాణ్ని చేరదీసి పక్కన కూర్చోబెట్టుకోలేదు. బక్కచిక్కిన 400 ఆవులను అప్పగించాడు. అవి వెయ్యి అయ్యాకే తిరిగొస్తానన్నాడు శిష్యుడు. వృషభం, అగ్ని, హంస, నీటిపక్షి తలా కొంత చదువు చెప్పాయి. తిరిగొచ్చాక అదే విద్యను గురువు ఏదీ వదలకుండా చెప్పాడు. ఆ సత్యకాముడే గురువయ్యాక, ఉపకోసలుడనే శిష్యుడు 12 ఏళ్లు అతని అగ్నులను కనిపెట్టుకుని ఉన్నాడు. తోటివాళ్లందరినీ చదువు ముగించి పంపేసిన సత్యకాముడు, ఇతనికి ఏమీ చెప్పకుండానే ప్రయాణమై వెళ్లిపోయాడు. ఉపకోసలుడు దిగులుతో తిండి మానేశాడు. ఎందుకు తినడం లేదని అడిగింది గురుపత్ని. అంతకుముందు, ఇతనికి చదువు చెప్పమని భర్తకు చెప్పి చూసిందీ ఆవిడే. గోత్రం లేకుండా ఆదరణ పొందినవాడికి కూడా తన శిష్యుడి దిగులు కంటికి ఆనలేదు. మనం పొందిన మేలు దానంతటదే మన చేత ఇంకొకరికి మేలు చేయించదు. ఎవరు తినలేదో చూసే కన్ను పనిగట్టుకుని అలవరచుకోవాలి.

ఆ కంటికి ఆనేవి చిన్న విషయాలు. డిసెంబరు చివర్లో ఒక అమ్మాయి, “మేడమ్, సంక్రాంతికి మెస్ ఎన్నాళ్లు మూస్తారు?” అని అడిగింది. ఊరికి టికెట్లు దొరకలేదని మిగతా పిల్లలు గోల పెడుతున్న రోజులవి. పండక్కి భోజనానికి మా ఇంటికి పిలిచాను. వచ్చింది, పెట్టింది తింది, ఏదీ మారు అడగలేదు. పండగపూట పరాయింట్లో మర్యాదగా కూర్చోవడం కూడా ఒక పరీక్షే. తర్వాత మేం కొందరం కలిసి, సెలవుల్లో ఒక బ్లాకూ ఒక వంటమనిషీ ఉండాలని నోట్ పెట్టించి, ఫైలు వెంట తిరిగాం. ఉండిపోయేవాళ్లు కారణం చెప్పనక్కర్లేదన్న వాక్యం పట్టుబట్టి రాయించాం. ఆర్డరు వచ్చింది. అనుకున్నదానికన్నా ఎక్కువమంది ఉండిపోయారు. వాళ్లలో కొందరి సంగతి వాళ్ల మెంటార్లకే తెలియదు. గదిలో కూర్చోబెట్టి చెప్పే ధైర్యవచనాలకన్నా అన్నం పెట్టే ఆర్డరు ఒకటి ఎక్కువ పని చేస్తుంది. ఫైలు కదిలించడం కూడా మెంటారింగే.

ఇక మిగిలింది ఋణం సంగతి. ఇల్లున్న పిల్లలు తల్లిదండ్రుల దగ్గర తీసుకున్నది లెక్కపెట్టుకోరు. వీళ్లు తాగిన టీ కూడా మనసులో రాసుకుంటారు. ఆ పద్దును మన వైపు నుంచి మనమే కొట్టేయాలి. ఉద్యోగం వచ్చాక ఫోన్ చేయలేదని నొచ్చుకున్నా, వద్దన్న కోర్సులో చేరితే “ఇంత చేసినందుకా?” అన్నా, ఇచ్చిన వెసులుబాటును వెనక్కి లాక్కున్నట్టే. తప్పు చేసే స్వేచ్ఛలో మొదటిది మన మాట కాదనే స్వేచ్ఛ.

ఆ క్యాటరింగ్ కుర్రాడు ఈమధ్య నాకు అస్సలు నచ్చని పని చేశాడు. క్యాంపస్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా క్యాటరింగ్ పెట్టాడు. వద్దన్నాను, ఎందుకు వద్దో కూడా చెప్పాను. అంతా విన్నాడు, మానలేదు. నష్టపోయినా పోవచ్చు. పోతే ఎవరెవరి గుమ్మం తొక్కవచ్చో వాడికి తెలుసు, ఆ ధైర్యంతోనే దిగాడనుకుంటాను. చెప్పినదానికల్లా తలూపిన శిష్యులు నాకు చాలామంది ఉన్నారు. మెంటారింగ్ పనిచేసిందని నమ్మకంగా చెప్పమంటే మాత్రం నా మాట కాదన్న వీణ్నే చూపిస్తాను.